మొదటి రోజు లెక్క

కాగితాల మీద నా ఉద్యోగం పేరు నాణ్యతా తనిఖీ అధికారి. ఆ పేరు విని మా బంధువులు నేను సింగపూర్ వెళ్ళి బియ్యం బస్తాల్లోంచి గుప్పెడు తీసి నూకలు చూస్తున్నానని అనుకునేవారు. అసలు పని అది కాదు. ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రంలో మందులూ పొడులూ ఎలుకల మీద పరీక్షించేవారు. వాళ్ళు చేసిందే రాస్తున్నారా, చేయనిది కూడా రాసేస్తున్నారా అని చూడటం నా పని. ఉన్నమాట చెప్పాలంటే, అనుమానపడటానికి నాకు జీతం ఇచ్చేవారు. ఆ జీతానికి నేను ఎప్పుడూ అన్యాయం చేయలేదని చాలాకాలం గర్వపడ్డాను.

ప్రయోగశాలల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "మీరు పట్టుకున్న పెద్ద తప్పు ఏమిటి సార్?" అని అడుగుతున్నారు. పట్టుకున్నవన్నీ చెబితే మీకు విసుగు, నాకు పొగరు. అందుకని ఒక్కటే చెబుతాను. ఇందులో తప్పు పట్టుకున్నాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. అయినా దీన్ని ఇన్నేళ్ళలో మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పుకోలేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

అవి కంప్యూటర్ల పిచ్చి రోజులు. ఆదివారం లిటిల్ ఇండియాలో గోంగూర కట్ట కోసం వెళితే, ఆ కొట్లోనే నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు తగిలేవారు. "మీరు ఏ కంపెనీ అన్నా? ఏ లాంగ్వేజీ?" అని అడిగేవారు. ఎలుకల ల్యాబ్ అని చెప్పగానే మొహమొహాలు చూసుకుని, "ఓహో, రీసెర్చా" అని ఒక జాలి చూపు పారేసి తమ కబుర్లలో పడిపోయేవారు. యీషున్‌లో మా బ్లాకులోనే, మా పై అంతస్తు ఫ్లాట్‌లో ఉండే కెమిస్ట్రీ పట్టభద్రుడొకడు ఆరు నెలల కోర్సు చేసి ఏకంగా బ్యాంకులో ప్రోగ్రామర్ అయి కూర్చున్నాడు. అతని భార్య లిఫ్టులో మా ఆవిడతో మాట్లాడే తీరే మారిపోయింది. దాంతో నాకూ ఆ పురుగు కుట్టింది. సెరంగూన్ రోడ్డులో ఒక చీరల కొట్టు మేడ మీద పొద్దున్నే నడిచే కంప్యూటర్ క్లాసులో చేరాను.

క్లాసు అయ్యాక రైలు, బస్సు మారి పశ్చిమాన ఉన్న మా ల్యాబ్‌కి చేరేసరికి పదిన్నర దాటేది. మా డైరెక్టర్‌కి మాత్రం, పాపని కిండర్‌గార్టెన్‌లో దింపి వస్తున్నానని చెప్పాను. సాయంత్రం ఎక్కువసేపు ఉంటానన్నాను. ఆవిడ సరే అంది. ఇతరుల అబద్ధాలు పట్టే ఉద్యోగంలో ఉండి నేనే అబద్ధం చెబుతున్నానే అని అప్పుడు నాకు తట్టలేదు. తట్టినా, అది చిన్న అబద్ధమని సర్దుకునేవాణ్ణి.

ఆ ఏడాది మా దగ్గరికి ఒక మూలికల పొడి వచ్చింది. గర్భిణులూ బాలింతలూ పాలలో కలుపుకుని తాగే బలవర్ధకం. డబ్బా మీద 'గర్భిణులకు సురక్షితం' అని అచ్చు వేసుకోవాలని తయారీదారుల ఆశ. ఆ మాట ఊరికే వేయడానికి లేదు. ముందు ఎలుకలకి మేతలో కలిపి పెట్టాలి. కొన్నిటికి ఉత్త మేత, కొన్నిటికి కొంచెం పొడి, కొన్నిటికి మధ్యరకంగా, కొన్నిటికి బాగా ఎక్కువ. వాటికి పిల్లలు పుడతాయి. ఆ పిల్లలు పెరిగి అదే మేత తిని మళ్ళీ పిల్లల్ని కంటాయి. అమ్మమ్మ తిన్నదాని ఫలితం మనవరాలి దగ్గర తేలే వీలుంది కనుక ఒక తరంతో ఆగకూడదు. ప్రతి ఈతలోనూ ఎన్ని పుట్టాయి, ఎన్ని చచ్చి పుట్టాయి, మర్నాటికి ఎన్ని మిగిలాయి, ఎంత బరువున్నాయి, అన్నీ రాయాలి. పరీక్ష అంతా ఈ లెక్కల మీదే నిలబడుతుంది.

ఈ కథలో నేను కాక ముగ్గురే ఉన్నారు. ఒకరు డైరెక్టర్. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ ఆవిడ. మాట తక్కువ, చూపు ఎక్కువ. రెండో ఆయన పొడి కంపెనీ ప్రతినిధి. ఎప్పుడు వచ్చినా అందరికీ పైనాపిల్ టార్టుల డబ్బా తెచ్చేవాడు. పనేమీ లేకుండా తినుబండారాలు తెచ్చేవాణ్ణి చూస్తే నాకు మొదటినుంచీ గిట్టదు. మూడో ఆవిడ ఎలుకల గది చూసుకునే ఆంటీ. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వెళ్ళిన కుటుంబం. పెళ్ళయ్యాక వంతెన అవతల మలేషియాలోని జోహోర్ నుంచి పని కోసం ఇటు వచ్చి, బెడోక్‌లో కూతురి దగ్గర ఉండేది. ఆవిడ తెలుగులో మలయ్, తమిళం కలిసిపోయి ఉండేవి. మా ల్యాబ్‌లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నన్ను చూడగానే, "మకాన్ అయిందా అబ్బాయ్?" అని అడిగేది. తిన్నానన్నా నమ్మేది కాదు.

ఎలుకల దగ్గర ఆవిడ చెయ్యి ఎంత మంచిదో చెప్పలేను. కొత్తవాళ్ళు చెయ్యి పెడితే కరిచే ఎలుక కూడా ఆవిడ అరచేతిలో ముడుచుకుని కూర్చునేది. ఏ తల్లి ఎప్పుడు ఈనుతుందో ముందురోజే చెప్పేసేది. మా దగ్గర పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా, ఎలుక మేత ముట్టకపోతే ముందు ఆంటీని పిలిచేవారు.

రెండు తరాలు అయ్యాక ఒక రోజు సాయంత్రం లెక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. బాగున్నాయి. మరీ బాగున్నాయి. పుట్టిన రోజున పదకొండు, మర్నాడు పదకొండు. పుట్టిన రోజున పదమూడు, మర్నాడు పదమూడు. ఏ బోను చూసినా అంతే. మొదటి రోజు ఒక్క పిల్లయినా చావలేదు. పొడి తిన్నవాటి సంగతి సరే, ఉత్త మేత తిన్నవాటిలోనూ చావలేదు. మీరెప్పుడైనా ఎలుకల్ని పెంచి ఉంటే తెలుస్తుంది, అది జరిగే పని కాదు. ఏ తోడ్పాటూ లేని చోటా, అన్ని హంగులూ ఉన్న చోటా ఒకటీ అరా పోతూనే ఉంటాయి. పైగా పొడి ఎక్కువ తిన్నవాటిలో ఈతకి రెండు మూడు పిల్లలు తక్కువగా కనిపిస్తున్నాయి. అది మామూలు తేడాయేనని ఎవరూ పట్టించుకోలేదు.

నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు, సంతోషంతో. వేటకుక్కకి వాసన తగిలినట్టే అనుకోండి.

ముందు పైనాపిల్ టార్టుల మనిషిని అనుమానించాను. ఎలుకలు ఈనే వారాల్లోనే ఎందుకు వస్తున్నాడు? సందర్శకుల పుస్తకం తిరగేశాను. మామూలు వారాల్లోనూ వస్తున్నాడు. తరవాత డైరెక్టర్‌ని అనుమానించాను. ఈ కంపెనీ ఇంకో రెండు పొడులు కూడా ఇస్తానందని విన్నాను. ఆవిడ గది ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నడక నెమ్మది చేసి, ఫోనులో ఏం మాట్లాడుతోందో వినేవాణ్ణి. ఒక్క ముక్క దొరికేది కాదు. ఆ తరవాత కంప్యూటర్‌ని అనుమానించాను. అంతకు ముందు ఏడాదే రిజిస్టర్లు తీసేసి లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతి పెట్టారు. ప్రోగ్రామే ఒక గడిలో అంకెని రెండో గడిలో దించేస్తోందేమోనని, క్లాసులో నేర్చుకున్న అరకొర పాండిత్యంతో ఒక వారం దాని మీద పడ్డాను. అది నిక్షేపంగా ఉంది. ఆంటీని మాత్రం అనుమానించలేదు. తెలుగు మనిషనో, ఎలుకల్ని అంత ముద్దుగా చూస్తుందనో. అనుమానించడం వృత్తిగా పెట్టుకున్నవాడికి అది సిగ్గుచేటు.

చివరికి పాత రిజిస్టర్లు తెప్పించాను. కంప్యూటర్ రాకముందు ఆంటీ చేత్తో రాసినవి. తెరిచీ తెరవగానే కనిపించింది. 'పుట్టిన రోజు' అన్న గడిలో అంకె లేదు. ఒక అడ్డగీత ఉంది. తరవాతి పేజీలోనూ గీతే. ఏళ్ళ తరబడి గీతలే. అప్పట్లో చేసే పరీక్షలకి మొదటి రోజు లెక్క అంత అవసరం ఉండేది కాదు, ఎవరూ అడగలేదు. కంప్యూటర్ వచ్చిన రోజు నుంచి ఆ గీతల చోట నిండైన అంకెలు వచ్చి కూర్చున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి, ల్యాబ్ దగ్గర తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఆంటీ ఎదురుగా కూర్చున్నాను. టిష్యూ ప్యాకెట్టు పెట్టి నా కోసం కూడా కుర్చీ పట్టి ఉంచింది.

"ఆంటీ, ఎలుక ఈనిన రోజు పిల్లల్ని ఎవరు లెక్కపెడతారు?"

"నేనే గదా."

"ఎప్పుడు?"

ఆవిడ చెంచా పక్కన పెట్టింది. "మర్నాడు పొద్దున."

"మరి మొదటి రోజు గడిలో ఏం వేస్తున్నారు?"

"కంప్యూటరు ఆ గడి ఖాళీగా ఒగ్గేస్తే ముందుకెల్లదు అబ్బాయ్. ఎర్రగా మెరుస్తాది, కూతెడతాది. అందుకని మర్నాటి లెక్కే రెండిట్లోనూ ఏసేస్తన్నాను. మొదట్లో ఒకపాలి అడుగుదామనుకున్నాను. ఎవుల్నడగాలో తెలీనేదు."

"పుట్టిన రోజే ఎందుకు లెక్కపెట్టరు?"

నేను ఏదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు చూసింది. "పురిటిగదిలో లెక్కెడతారేటి? మాయమ్మ తోటలో మంత్రసాని. ఎన్ని కానుపులు సేసిందో దానికే తెలీదు. పుట్టిన రోజు బిడ్డని సూసి ఆడా మగా అని కూడా పైకి అనీది కాదు. మేక ఈనినా, కోడి పిల్లల్ని దింపినా అంతే. ఒక పొద్దు దాటాక లెక్కెట్టాల. ముందే లెక్కెడితే తగ్గిపోతాయి. పైగా ఈనిన తల్లిని కెలికితే బెదిరిపోయి పిల్లల్ని తినెయ్యదా?"

ఆవిడ చెప్పిందాంట్లో కొంత నిజం కూడా ఉంది. బెదిరిన తల్లి ఎలుక పిల్లల్ని తినేస్తుంది. చచ్చినవాటిని ఎటూ తినేస్తుంది, గూడు శుభ్రంగా ఉంచుకోవడానికి. సాయంత్రానికి ఆనవాలు కూడా మిగలదు. అంటే, మొదటి రోజు పోయిన పిల్లలు మా పరీక్షలో పుట్టనే లేదన్నమాట. వాటిని ఎవరూ చూడలేదు. పొడి వాటిని చంపిందో లేదో చెప్పే మనిషి లేడు. రేపు ఈ పొడి ఏ గర్భిణి వంటింటి అలమారులోకో వెళుతుంది.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి. చెప్పకుండా దాటేయాలని ఉంది. ప్రతి ఈత వారంలోనూ కొన్ని బోన్ల దగ్గర, లెక్క పెడుతున్నప్పుడు తనిఖీ అధికారి పక్కనే నిలబడి చూసి, 'దగ్గరుండి చూశాను' అన్న చోట సంతకం పెట్టాలి. ఆ సంతకాలన్నీ ఉన్నాయి. నావే. ఆ వేళకి నేను చీరల కొట్టు మేడ మీద ప్రోగ్రాములు రాస్తూ ఉండేవాణ్ణి. పదిన్నరకి వచ్చి, తెర మీద అంకె చూసి, సంతకం చేసి, టీకి వెళ్ళేవాణ్ణి. రెండు తరాల పాటు చూశానని రాశాను, ఒక్కసారీ చూడలేదు.

డైరెక్టర్‌కి ఆంటీ సంగతి చెప్పాను. నా సంగతి చెప్పలేదు.

ఆవిడ అంతా విని, పెన్ను మూత పెట్టి, "రెండో తరం వాటికి ఇంకో ఈత మిగిలి ఉంది కదా," అంది. "ఈసారి మొదటి రోజే లెక్కపెట్టించండి. మీరు పక్కనే ఉండండి. మొదటి నుంచి చివరి దాకా." ఆ చివరి మాట కొంచెం ఒత్తి పలికినట్టు అనిపించింది. నాకు అలా అనిపించడం అలవాటే కదా అని సరిపెట్టుకున్నాను.

రెండు వారాల తరవాత ఈత మొదలైంది. క్లాసు ఎగ్గొట్టి మొదటి రైలుకి వెళ్ళాను. ఆంటీ అప్పటికే గౌను, మాస్కు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మొహం వాడిపోయి ఉంది. "నేను పైకి లెక్కెట్టను అబ్బాయ్. బోను తీసి సూపిస్తాను, నువ్వు లెక్కెట్టుకో," అంది. సరేనన్నాను.

ఉత్త మేత తిన్నవాటితో మొదలుపెట్టాం. మొదటి బోను పన్నెండు, అన్నీ ఎర్రగా కదులుతున్నాయి. రెండోది పదకొండు, ఒకటి చచ్చి పుట్టింది. మూడోది, నాలుగోది బాగున్నాయి. నా గుండె కుదుటపడింది. ఆంటీ చేతులు కూడా కాస్త తేలికయ్యాయి. కొంచెం తిన్నవి, మధ్యరకం తిన్నవి కూడా ఇంచుమించు అలాగే ఉన్నాయి. ఇక ఎక్కువ తిన్నవాటి వరసకి వచ్చాం.

మొదటి బోనులో ఆంటీ గూటి పీచు మెల్లగా పక్కకి తీసింది. పదమూడు. అందులో నాలుగు కదలడం లేదు. పాలిపోయి, తల్లి పొట్టకి దూరంగా పడి ఉన్నాయి. పక్క బోనులో మూడు. దాని పక్కదాంట్లో అయిదు. ఒకటి అప్పుడే సగం లేదు. తల్లి మా వైపు ఒకసారి చూసి తన పనిలో తను పడింది.

నేను అంకెలు చెబుతున్నాను. ఆంటీ ఎక్కిస్తోంది. వరస చివరికి వచ్చేసరికి ఆవిడ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.

"ఇన్నాళ్ళూ ఇలాగే పోనాయా?"

"పోయి ఉండొచ్చు ఆంటీ."

"నాకేటి తెలుసబ్బాయ్. నేను పొద్దున్నొచ్చి సూసేతలికి అన్నీ బాగుండీవి. ఎంత సల్లగా పెంచుతన్నానో అనుకునీదాన్ని." మాస్కు పైనుంచి కళ్ళు తుడుచుకోబోయి, చేతికి తొడుగు ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. మధ్యాహ్నం మళ్ళీ చూస్తే ఆ బోన్లలో చచ్చిన పిల్లలు సగానికి పైగా లేవు. మర్నాటికి ఒక్కటీ లేదు. మిగిలిన పిల్లలు పాలు తాగుతూ, ఎప్పటిలాగే నిండుగా, ముద్దుగా ఉన్నాయి.

ఆ వారమంతా అలాగే నడిచింది. పొడి ఎక్కువైతే మొదటి రోజే పిల్లలు పోతున్నాయి. దాంట్లో ఇక సందేహం లేదు.

తరవాతి వారం సమావేశం. కంపెనీ ప్రతినిధి ఈసారి టార్టులు తేలేదు. "ఇన్నాళ్ళూ తప్పుడు లెక్కలు ఎక్కించిన మనిషే ఈ లెక్కా ఎక్కించింది. దీన్ని మాత్రం ఎందుకు నమ్మాలి?" అన్నాడు. అడగాల్సిన మాటే. అతని చోట నేనున్నా అదే అడిగేవాణ్ణి. తప్పు ఎవరిదో తేలితే గానీ ముందుకి కదలనని భీష్మించుకున్నాడు. డైరెక్టర్ ఆంటీని పిలిపించింది.

మా కేంద్రంలో ఒక నియమం ఉండేది. దాన్ని రాసిందీ నేనే. పక్కన తనిఖీ మనిషి లేకుండా పనివాళ్ళు తప్పు చేస్తే హెచ్చరించి, మళ్ళీ నేర్పించి పనిలో ఉంచుకుంటారు. ఎందుకంటే అందులో పైవాళ్ళ తప్పూ ఉంటుంది. తనిఖీ మనిషి పక్కన ఉండగా అతన్నే మోసం చేస్తే మాత్రం పనిలోంచి తీసేస్తారు. అంటే ఆ రోజు ఆంటీ ఉద్యోగం ఉండాలన్నా పోవాలన్నా ఒక్క విషయం తేలాలి. నేను అక్కడ ఉన్నానా, లేనా?

డైరెక్టర్ నా సంతకాలున్న కాగితాలు ఆంటీ ముందుకి జరిపింది. "ఈ లెక్కలు పెట్టినప్పుడు తనిఖీ అధికారి మీ పక్కన ఉన్నారా?"

ఆంటీ కాగితాలు చూడలేదు. నన్నూ చూడలేదు. "యెస్ మేడమ్. సార్ దేర్. ఐ టెల్ నంబర్, హీ బిలీవ్. మై మిస్టేక్ లా."

ప్రతినిధి వెనక్కి వాలి కూర్చున్నాడు. అతనికి కావాల్సిన మనిషి దొరికేసింది. డైరెక్టర్ గదిలో అందరి వైపూ ఒకసారి చూసి, "ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?" అంది. ఆంటీ లేదని తల ఊపింది. నేను నా ముందున్న కాగితాల అంచులు సర్దుతూ కూర్చున్నాను. ఆ తరవాత డైరెక్టర్ ఫైలు మూసేసింది.

లిఫ్టు దగ్గర ఆంటీని పట్టుకున్నాను. "ఎందుకలా చెప్పారు?" అని అడిగాను. అడగడానికి నాకు సిగ్గు లేకపోయింది.

"మరేటి సెప్పమంటావు? ఇద్దరి కడుపులూ ఎందుకు కొట్టుకోవడం? నా పనెలాగూ పోతాది. నీ ఉద్యోగం పాసు తీసేత్తే నువ్వు పెళ్ళాం బిడ్డల్తోటి ఇమానం ఎక్కాల. నాకు జోహోర్ ఎంతసేపు, బస్సెక్కితే ఇల్లే. నీకా కంప్యూటరు సదువు సివరికొచ్చింది గదా." నా క్లాసు సంగతి ఆవిడకి ఎలా తెలుసో నాకు ఈనాటికీ తెలియదు. నియమం సంగతి మాత్రం తెలియదు. తను నిజం చెప్పి ఉంటే తన పని నిలబడేదని తెలియక, ఎలాగూ పోయేదే కదా అని నన్ను కాపాడింది. ఆ నియమం రాసినవాణ్ణి నేను, పక్కనే కూర్చుని నోరు మూసుకున్నాను.

ఆ మర్నాటి సంగతి చెప్పేముందు, ఏది ఎలా తేలిందో చెప్పేస్తాను. ఇంకో కేంద్రంలో మళ్ళీ పరీక్ష చేయించారు, మొదటి రోజు చావులు అక్కడా కనిపించాయి. డబ్బా మీద గర్భిణుల మాట అచ్చు పడలేదు. కంప్యూటర్ల గాలి మరి కొన్నాళ్ళకి దిగిపోయింది, నా కోర్సు పూర్తి కానే లేదు, పై ఫ్లాట్ అతను బ్యాంకు ఉద్యోగం పోయి ట్యూషన్లు చెప్పుకున్నాడు. నన్ను పనిలోంచి తీయలేదు గానీ, చాలాకాలం నా సంతకం పక్కన ఇంకొకరి సంతకం ఉంటే తప్ప చెల్లేది కాదు. రోజూ ఒకళ్ళు నా వెనక నిలబడి నేను నిజంగా చూస్తున్నానో లేదో చూసేవారు. అది ఎలా ఉంటుందో అందరి వెనకా నిలబడినవాడికి తెలియాల్సిందే.

ఆంటీని మళ్ళీ పనిలోకి రమ్మని డైరెక్టర్ ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం నేనే బెడోక్ తీసుకెళ్ళాను. ఆవిడ చదివించుకుని విని, మడిచి అల్మారాలో పెట్టింది. "ఆ గదిలోకి మరి రానబ్బాయ్. ఆ బోన్లు సూడనేను," అంది. బాలింతల ఇళ్ళకి వెళ్ళి నెల రోజులు తల్లినీ బిడ్డనీ చూసుకునే పని పెట్టుకుంది. ఆ పనిలో ఆవిడకి తీరిక ఉండేది కాదని తరవాత విన్నాను. ఆ రోజు నాకు అన్నం పెట్టి, నేను చెయ్యి కడుక్కుంటుంటే మెల్లగా ఒక మాట అంది. "అదేదో ఆ గదిలోనే సెప్పీవుంటే బాగుండేది గదా." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తిన్నది అరిగేది.

ఇక ఆ మర్నాడు. క్లాసుకి వెళ్ళకుండా తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళి డైరెక్టర్ గది ముందు నిలబడ్డాను. ఆవిడ వచ్చి తాళం తీసి లోపలికి రమ్మంది. కూర్చోమనకముందే చెప్పేశాను. ఆ లెక్కలప్పుడు నేను లేను, ఒక్కసారీ లేను, ఆంటీ అబద్ధం చెప్పింది నా కోసం. పాప కిండర్‌గార్టెన్ కూడా అబద్ధమే. ఆవిడ ఆశ్చర్యపోతుందని, కోప్పడుతుందని అనుకున్నాను. ఆవిడ సొరుగు తీసి ఒక కాగితాల కట్ట నా ముందు పెట్టింది. కంప్యూటర్లతో పాటే మా తలుపులన్నిటికీ కార్డు తాళాలు పెట్టారు. ఎవరు ఏ గదిలోకి ఎప్పుడు వెళ్ళారో అన్నీ అందులో నమోదవుతాయి. అది ఎలుకల గది తలుపు చిట్టా. రెండు తరాల ఈత వారాలు. ఆంటీ కార్డు వరసగా ఉంది. నా కార్డు ఎక్కడా లేదు. కాగితం మూలన, దాన్ని అచ్చు తీసిన తేదీ ఉంది. సమావేశానికి ముందురోజుది.

"మీకు ముందే తెలుసు," అన్నాను.

"తెలుసు."

"తెలిసీ ఆమెని ఎందుకు అడిగారు?"

ఆవిడ కాగితాలు తీసుకుని చక్కగా సర్దింది. "పక్కన ఎవరున్నారని ఆమెని అడిగాను," అంది. "ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని అడిగింది మాత్రం ఆమెని కాదు. మిమ్మల్ని."